కరకట్టల ఫైళ్ళలో కనబడని చైనావాళ్ళను ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాలిఫోర్నియా నదీజలాల చట్టాల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలో మొదటి కరకట్టలు కట్టింది చైనా కూలీలేనని చదివిన ప్రతిచోటా ఉంది. తీరా చట్టాలు, బోర్డు మినిట్స్, కోర్టు తీర్పులు తిరగేస్తే ఒక్క చైనీస్ పేరూ తగల్లేదు. పేర్లు ఎక్కడ దొరుకుతాయి, హైదరాబాద్‌లో కూర్చుని ఎంతవరకు చూడొచ్చు, దేనికోసం అక్కడిదాకా వెళ్ళక తప్పదు అని అడిగారు.

ఈ ప్రాంతపు పాత రికార్డులతో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందు అసలు మాట చెప్పేస్తా. నీళ్ళ ఫైళ్ళలో చైనా పేర్ల కోసం వెతకడం ఆపేయండి. ఆ ఫైళ్ళలోంచి భూస్వాముల పేర్లు, లంకల పేర్లు, రేవు ఊళ్ళ పేర్లు మాత్రం రాసుకోండి. వాటిని పట్టుకుని ఇమిగ్రేషన్ ఫైళ్ళలోకి వెళ్ళండి. మనుషులు అక్కడున్నారు. రెండు శాఖలూ వేరు, రెండు గుట్టలూ వేరు, కానీ రెండింటి వెనకా ఉన్న పెద్దమనుషులు చాలాసార్లు ఒకరే.

పేర్లు ఎందుకు లేవో తెలిస్తే ఎక్కడ ఉంటాయో తెలుస్తుంది. 1850లో అమెరికా ప్రభుత్వం ముంపు భూముల్ని రాష్ట్రాలకు ఇచ్చేసింది. కాలిఫోర్నియాకు 20 లక్షల ఎకరాలకు పైగా వచ్చాయి. రాష్ట్రం వాటిని ఎకరా డాలరు చొప్పున అమ్మింది. మొదట్లో ఒక మనిషికి ఇన్ని ఎకరాలే అని పరిమితి ఉండేది. 1868 చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. పైగా నేలను ముంపు నుంచి బయటికి తెచ్చినట్టు రుజువు చూపిస్తే కట్టిన డబ్బు కూడా వెనక్కి ఇస్తామంది. ఇంకేముంది, కంపెనీలు దిగాయి. జార్జ్ రాబర్ట్స్ అధ్యక్షుడుగా ఉన్న టైడ్ ల్యాండ్ రిక్లమేషన్ కంపెనీ వాటిలో పెద్దది. సరిగ్గా మరుసటి ఏడాదే, 1869 మే నెలలో, ఖండం దాటే రైలు మార్గం పూర్తయింది. దాని మీద పనిచేసిన వేలమంది చైనా కూలీలకు పని లేకుండా పోయింది. షెర్మన్, ట్విచెల్ లంకల చుట్టూ మోకాలి లోతు బురదలో, తుంగ వేళ్ళు కోసి దిమ్మలుగా పేర్చి, మట్టిని తోపుడుబండ్లతో మోసి గట్లు వేసింది వాళ్ళే. ఆవిరి డ్రెడ్జర్లు రంగంలోకి దిగేదాకా అంతా చేతిపనే.

ఆ పని ఎలా ఇచ్చేవారో చూడండి. కంపెనీ కూలీతో మాట్లాడేది కాదు, చైనా మేస్త్రీతో మాట్లాడేది. ఇన్ని క్యూబిక్ గజాల మట్టికి ఇంత అని గుంపగుత్త బేరం. మేస్త్రీ తన ముఠాను తెచ్చుకుంటాడు, తిండి పెడతాడు, జీతాలు పంచుతాడు. కంపెనీ పుస్తకంలో పడేది మేస్త్రీ పేరు ఒక్కటే. అదీ చాలాసార్లు వంకర టింకర స్పెల్లింగులో, కొన్నిసార్లు అదీ లేకుండా "చైనా కాంట్రాక్టు" అని ఒక పద్దుగా. రిక్లమేషన్ డిస్ట్రిక్టు (ముంపు నేలకు గట్లు వేసి సాగుకు తెచ్చే స్థానిక సంస్థ) లెక్కల్లోకి వచ్చేసరికి అది ఫలానా మైలు నుంచి ఫలానా మైలు వరకు గట్టుకు ఖర్చు అయిపోతుంది. మనిషి క్యూబిక్ గజం అయిపోయాడు. మీరు చూసిన మినిట్స్‌లో ఎవరూ కనబడకపోవడానికి అదే కారణం, మీ వెతుకులాటలో లోపం కాదు.

దీనికి ప్రత్యక్ష సాక్ష్యం కావాలంటే ఇంట్లో కూర్చునే చదవొచ్చు. చైనీయుల వలస మీద విచారించడానికి అమెరికా కాంగ్రెస్ ఉభయసభల సంఘం ఒకటి 1876 శరదృతువులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుంది. 1877లో అచ్చయిన ఆ నివేదిక 1,200 పేజీలకు పైనే. పేరుకు వలస మీద విచారణ, కానీ చాలా సాక్ష్యాలు భూమి గురించీ నీళ్ళ గురించీ కూలి గురించే. పైన చెప్పిన రాబర్ట్స్ కూడా వచ్చి సాక్ష్యమిచ్చాడు: వేలమంది చైనావాళ్ళను పెట్టుకున్నామనీ, పని మేస్త్రీల ద్వారా కాంట్రాక్టుకు ఇచ్చామనీ. చైనావాళ్ళను వెళ్ళగొట్టాలని చూస్తున్న సంఘం ముందు ఒక భూస్వామి నిలబడి, వాళ్ళు లేకపోతే నా గట్లు లేవు అని చెప్పుకోవాల్సి వచ్చిన సందర్భం అది. లాభం కోసం చెప్పినా నిజం బయటపడింది. జల చట్టాల చరిత్ర రాసేవాళ్ళు దీన్ని వలసల పుస్తకంగా లెక్కేసి పక్కన పెడతారు. మీరు ఆ పని చేయకండి.

దాని తర్వాత వెంటనే చదవాల్సింది 1878–79 రాజ్యాంగ సభ చర్చలు. 152 మంది సభ్యులు శాక్రమెంటోలో కూర్చుని రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాశారు. చర్చలు మూడు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో 14వ అధికరణం నీటి హక్కుల గురించి: అమ్మకానికో అద్దెకో పంపిణీకో తీసుకునే నీళ్ళ వాడకం ప్రజోపయోగం కిందికి వస్తుంది, రాష్ట్రం దాన్ని నియంత్రించవచ్చు అని. 19వ అధికరణం పేరే "చైనీస్". కంపెనీలు చైనావాళ్ళను పనిలో పెట్టుకోకూడదు. ప్రభుత్వ పనుల్లో వాళ్ళను పెట్టకూడదు, నేరానికి శిక్షగా అయితే తప్ప. అదే గదిలో, అదే నెలల్లో, అదే మనుషులు ఈ రెండూ రాశారు. మీ థీసిస్‌కు ఇక్కడ ఒక మంచి ప్రశ్న ఉంది. రిక్లమేషన్ డిస్ట్రిక్టు కట్టే కరకట్ట ప్రభుత్వ పనా, ప్రైవేటు పనా? 1879 తర్వాత డిస్ట్రిక్టుల మినిట్స్‌లో కాంట్రాక్టుల భాష ఎలా మారిందో ఈ దృష్టితో చూడండి. ఈసారి పేర్ల కోసం కాదు, దాటవేతల కోసం.

ఆ 19వ అధికరణంలో కంపెనీల మీద పెట్టిన నిషేధం ఏడాది తిరక్కుండానే కోర్టులో పడిపోయింది. 1880లో టిబర్షియో ప్యారట్ అనే పాదరసం గని కంపెనీ అధ్యక్షుణ్ణి చైనావాళ్ళను పనిలో పెట్టుకున్నందుకు అరెస్టు చేశారు. ఫెడరల్ కోర్టు విడుదల చేసింది. చైనాతో 1868లో చేసుకున్న బర్లింగేమ్ ఒప్పందానికీ, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే అమెరికా 14వ రాజ్యాంగ సవరణకూ ఇది విరుద్ధమని తీర్పు. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకాయన లొరెంజో సాయర్. పేరు మీకు తెలిసే ఉండాలి. 1884 జనవరి 7న నదుల్లోకి గనుల మట్టి వదలడాన్ని ఆపేసిన వుడ్రఫ్ కేసు తీర్పు ఆయనదే. నీళ్ళ చరిత్ర రాసేవాళ్ళకు సాయర్ అంటే వుడ్రఫ్ కేసు ఒక్కటే. చైనీయుల చరిత్ర రాసేవాళ్ళకు సాయర్ అంటే ప్యారట్ కేసూ, 1890లో చైనావాళ్ళను ఊరి బయటికి తోసేయాలన్న శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్డినెన్సును కొట్టేసిన లీ సింగ్ కేసూ. ఈ రెండు ముఖాల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. మీకు చోటుంది.

వుడ్రఫ్ కేసు నేపథ్యం క్లుప్తంగా. కొండల్లో బంగారం కోసం పెద్ద గొట్టాలతో నీళ్ళు కొట్టి గుట్టల్ని కరిగించేవారు. ఆ మట్టంతా యూబా, ఫెదర్ నదుల్లోకి దిగి పూడిక వేసింది. మేరీస్‌విల్ ఊరి దగ్గర నది అడుగు ఊరి వీధుల కంటే ఎత్తుకు వచ్చింది. ఏటా గట్టు పెంచుకోవడమే పని. 1875లో గండి పడి ఊరు మునిగింది. ఆ ఊళ్ళోనే, యూబా గట్టుకు ఆనుకుని, 1880లో చైనావాళ్ళు బోక్ కాయ్ గుడి కట్టుకున్నారు. బోక్ కాయ్ వరదల్ని అదుపు చేసే ఉత్తరదిక్కు దేవుడు. గుడి ఇప్పటికీ ఉంది, ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది. ఎగువన గనుల్లో కూలికి మట్టి కడిగిందీ చైనావాళ్ళే, దిగువన ఆ మట్టి తెచ్చే వరదకు దణ్ణం పెట్టుకుందీ చైనావాళ్ళే. కేసు కాగితాల్లో మాత్రం ఒక పక్క గని కంపెనీలు, ఇంకో పక్క రైతులు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వద్దాం. ఇష్టమంటే మంచివాడని కాదు, రికార్డుల్లో పనికొచ్చేవాడని. ఆంథనీ కామినెట్టి. గనుల జిల్లా అయిన అమడార్ కౌంటీలో జాక్సన్ ఊళ్ళో పుట్టాడు. కాంగ్రెస్ సభ్యుడుగా ఉండగా 1893లో తన పేరుతోనే పిలిచే చట్టం తెచ్చాడు. పూడికను ఆపే కట్టడాలు కట్టుకుంటే గనులకు లైసెన్సు ఇవ్వొచ్చని, దానికి సైన్యపు ఇంజనీర్లు ముగ్గురితో కాలిఫోర్నియా డెబ్రీ (గనుల పూడిక మట్టి) కమిషన్ పెట్టాలని. నదుల చట్టాల పుస్తకాల్లో ఆయన కథ అక్కడితో అయిపోతుంది. కానీ 1913లో ప్రెసిడెంట్ విల్సన్ ఆయన్ని దేశం మొత్తానికీ ఇమిగ్రేషన్ కమిషనర్ జనరల్‌ను చేశాడు. 1921 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతంలోని వలస కేంద్రం ఏంజెల్ ఐలాండ్‌లో చైనావాళ్ళను నెలల తరబడి ప్రశ్నలతో వేధించిన కాలంలో ఎక్కువ భాగానికి పైఅధికారి ఆయనే. మనవాళ్ళ జోలికీ వచ్చాడు. 1914లో "హిందువుల వలస" మీద జరిగిన కాంగ్రెస్ విచారణల్లో ఇండియా నుంచి వచ్చేవాళ్ళను ఆపాలని గట్టిగా వాదించినవాడు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసేసింది. ఒక్క హెచ్చరిక: కామినెట్టి అని సెర్చ్ కొడితే ముందు వరసలో వచ్చేది ఆయన కొడుకు మీద నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన మాన్ యాక్ట్ (అనైతిక పనుల కోసం స్త్రీలను రాష్ట్రం దాటించడాన్ని నిషేధించే చట్టం) కేసు. దానికీ మీ పనికీ సంబంధం లేదు, అందులో పడి వారం పోగొట్టుకోకండి.

డెబ్రీ కమిషన్ రికార్డులు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో, సైన్యపు ఇంజనీర్ల శాఖ కాగితాల్లో, రికార్డ్ గ్రూప్ 77 కింద ఉన్నాయి. లైసెన్సు దరఖాస్తులు, మ్యాపులు, తనిఖీ నోట్సు. 1884 తర్వాత కొన్ని గనుల్ని యజమానులు చైనా బృందాలకు కౌలుకు ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. కాబట్టి ఇక్కడ అప్పుడప్పుడు చైనా పేరు తగిలే అవకాశం ఉంది. గనుల కౌంటీల్లో నీటి హక్కుల నోటీసుల పుస్తకాలూ చూడండి. 1872 సివిల్ కోడ్ ప్రకారం నీళ్ళు మళ్ళించే చోట నోటీసు అంటించి, పది రోజుల్లో కౌంటీ రికార్డరు దగ్గర నమోదు చేయించాలి. అవి చేతిరాత పుస్తకాలు. ఇంకా చాలావరకు ఆన్‌లైన్లో లేవు.

ఇక అసలు గుట్ట. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా శాన్ బ్రూనోలో నేషనల్ ఆర్కైవ్స్ శాఖ ఉంది. అక్కడ రికార్డ్ గ్రూప్ 85, ఇమిగ్రేషన్ శాఖ కాగితాలు. 1884 నుంచి 1944 వరకు చైనావాళ్ళ రాకపోకల మీద జరిపిన విచారణల కేసు ఫైళ్ళు. 1882 ఎక్స్‌క్లూజన్ చట్టం చైనా కూలీలు రావడాన్ని నిషేధించింది. వర్తకులు, విద్యార్థులు లాంటివాళ్ళు రావొచ్చు. 1892 గియరీ చట్టం ప్రతి చైనా కూలీ దగ్గరా నివాస సర్టిఫికెట్ ఉండాలంది. దీని మీద 1893 నవంబరులో వచ్చిన సవరణ మీకు బంగారు గని. వర్తకుడినని చెప్పుకునేవాడు చైనా నుంచి తిరిగి రావాలంటే, వెళ్ళేముందు కనీసం ఏడాదిపాటు వ్యాపారమే చేశాడనీ, వ్యాపారానికి అవసరమైనది తప్ప చేతిపని చేయలేదనీ, చైనీయులు కాని ఇద్దరు నమ్మకస్తులు సాక్ష్యం చెప్పాలి.

డెల్టాలో ఆ నమ్మకస్తులు ఎవరు? వాల్‌నట్ గ్రోవ్, కోర్ట్‌లాండ్, ఐల్టన్ లాంటి చిన్న రేవు ఊళ్ళలో తెల్లవాళ్ళు ఎంతమంది ఉంటారు? తోట యజమాని, పడవ కంపెనీ ఏజెంటు, పోస్టుమాస్టరు, సరుకుల కొట్టువాడు. అంటే మీరు రిక్లమేషన్ డిస్ట్రిక్టు ట్రస్టీల జాబితాలో చూసిన పేర్లే మళ్ళీ ఇక్కడ సాక్షులుగా తేలతాయి. అందుకే మొదట్లో భూస్వాముల పేర్లు రాసుకోమన్నాను. ఆ చిన్న జాబితాయే మీకు తాళంచెవి.

ఒక వర్తకుడి ఫైలు తెరిస్తే మామూలుగా ఏముంటుందో చెబుతా. ముందు అఫిడవిట్, దాని మీద అతికించిన ఫొటో. తర్వాత దుకాణం భాగస్వాముల జాబితా, చైనీస్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి, ఎవరి వాటా ఎంతో డాలర్లలో. తర్వాత ఇన్‌స్పెక్టరు పడవెక్కి ఊరికి వెళ్ళి రాసిన రిపోర్టు: కొట్లో సరుకు ఎంతుంది, పై అంతస్తులో ఎవరు పడుకుంటారు, వెనక గదిలో జూదం నడుస్తోందా, ఈయన పొలంలో కనబడతాడా. ఆ చివరి ప్రశ్న మీకు ముఖ్యం. చాలామంది కొట్టూ నడిపేవారు, కౌలుకు పొలమూ చేసేవారు, కూలీల్నీ సప్లై చేసేవారు. చట్టం ముందు మాత్రం కొట్టు ఒక్కటే చెప్పాలి, పొలం మాటెత్తితే కూలీ కింద లెక్కేస్తారని టెన్షన్. అందువల్ల సాక్షులు ఒకరకంగా చెబుతారు, ఇన్‌స్పెక్టరు ఇంకోరకంగా గుచ్చుతాడు. ఆ గుచ్చడంలోనే లంకల్లో వ్యవసాయం ఎలా నడిచిందో బయటపడుతుంది.

కూలీల ఫైళ్ళు ఇంకా బావుంటాయి, వాటిని ఎక్కువమంది చూడరు. కూలీ ఒకసారి స్వదేశం వెళ్ళి తిరిగి రావాలంటే అమెరికాలో అతనికి భార్యో పిల్లలో తల్లిదండ్రులో ఉండాలి, లేదా వెయ్యి డాలర్ల ఆస్తి ఉండాలి, లేదా వెయ్యి డాలర్ల బాకీలు రావాల్సి ఉండాలి. తర్వాతి కాలంలో దీనికి వాడిన దరఖాస్తు ఫారం 432. వర్తకులది 431, అమెరికాలో పుట్టినవాళ్ళది 430. ఒంటరి మగవాళ్ళే ఎక్కువ కాబట్టి చాలామంది మూడో దారి పట్టారు: ఎవరు నాకెంత బాకీ అని జాబితా ఇచ్చారు. బాకీ ఉన్నవాణ్ణి కూడా పిలిచి అడిగేవారు. నువ్వు ఎక్కడ పని చేస్తావు, ఎవరి లంకలో, పంట ఏమిటి, అప్పు ఎందుకు తీసుకున్నావు. కొన్ని బాకీలు ఫైలు కోసమే పుట్టినవి, సందేహం లేదు. అయినా ఆ ప్రశ్నలకు వచ్చిన జవాబుల్లో బంగాళాదుంపల, ఆస్పరాగస్ పొలాల మీద బతికిన మనుషులు పేరూ ఊరూ వయసుతో సహా కనబడతారు. కరకట్ట లెక్కల్లో క్యూబిక్ గజంగా మారినవాళ్ళ తర్వాతి తరం ఇది.

1910 నుంచి 1940 దాకా ఏంజెల్ ఐలాండ్‌లో జరిగిన ప్రశ్నోత్తరాల పేజీలు కొన్ని ఫైళ్ళలో పదులకొద్దీ ఉంటాయి. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాక, ఇక్కడే పుట్టామని చెప్పుకోవడం, అలాంటివాళ్ళకు కాగితం మీద మాత్రమే కొడుకులై రావడం పెరిగింది. దాన్ని పట్టుకోవడానికి అధికారులు ఊరి గురించి అడిగేవారు. మీ ఇల్లు ఏ వరసలో ఎన్నోది, బావి ఎక్కడుంది, ఊరి పక్కన ఏరుందా, దాని మీద వంతెన రాతిదా చెక్కదా. తండ్రి జవాబూ కొడుకు జవాబూ కలవకపోతే వెనక్కి పంపేవారు. ఇవి చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పేరు అబద్ధం కావొచ్చు, బంధుత్వం అబద్ధం కావొచ్చు. పని చేసిన చోటు, యజమాని పేరు మాత్రం సాధారణంగా నిజం, ఎందుకంటే వాటిని ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూడగలడు.

పేర్ల సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే సెర్చ్ బాక్స్ దగ్గరే ఆగిపోతారు. జనాభా లెక్కల్లో, కోర్టు కాగితాల్లో "ఆహ్" అని మొదలయ్యే పేర్లు వందలు కనబడతాయి. ఆ "ఆహ్" ఇంటిపేరు కాదు, పిలుపులో ముందు తగిలించేది. దాన్ని ఇంటిపేరుగా పట్టుకుని వంశవృక్షం గీయకండి. రెండోది, చాలాచోట్ల మనిషి పేరనుకున్నది కొట్టు పేరు. సుప్రీంకోర్టు 1886 తీర్పుతో ప్రసిద్ధమైన యిక్ వో నిజానికి లాండ్రీ పేరు, యజమాని లీ యిక్. మూడోది, ఇంటిపేరు ముందు వస్తుంది, గుమస్తా దాన్ని వెనకేసి రాస్తాడు. అమెరికన్ ఫారాల్లో ఇంటిపేరు తంటాలు పడిన తెలుగువాళ్ళకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

1913 సంవత్సరాన్ని విడిగా పట్టుకోండి. గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో ఒకే శాసనసభ సమావేశంలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి వాటర్ కమిషన్ యాక్ట్: ఇక నుంచి నదినీళ్ళు కొత్తగా మళ్ళించాలంటే రాష్ట్రం పర్మిట్ కావాలి. రెఫరెండం వల్ల ఆగి 1914 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. రెండోది ఏలియన్ ల్యాండ్ లా: పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదు, కౌలు మూడేళ్ళు మించకూడదు. 1920లో ప్రజాభిప్రాయ సేకరణతో ఆ కౌలు కూడా తీసేశారు. ప్రధానంగా జపాన్‌వాళ్ళ మీద ఎక్కుపెట్టిందే, తగిలింది మాత్రం చైనావాళ్ళకూ, పంజాబీలకూ. నీళ్ళ హక్కు భూమికి ముడిపడ్డ చోట, భూమి హక్కు లేదన్నవాడికి నీళ్ళ హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? పర్మిట్ ఫైళ్ళలో ఆసియావాళ్ళ పేర్లు కనబడకపోతే ఈ ప్రశ్నతో చూడండి. జాన్సన్ కాగితాలు బర్క్‌లీలోని బాంక్రాఫ్ట్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడే మిల్లర్ అండ్ లక్స్ పశువుల కంపెనీ రికార్డులూ ఉన్నాయి. 1886 నాటి లక్స్ వర్సెస్ హేగిన్ నదీతీర హక్కుల కేసు ఆ కంపెనీ భాగస్వామిదే. వాళ్ళ పశువుల క్షేత్రాల్లో వంటవాళ్ళు చైనావాళ్ళు. జీతాల పుస్తకాల వైపు ఒక కన్నేయండి.

ఏలియన్ ల్యాండ్ లా నేల మీద ఎలా కనబడుతుందో తెలియాలంటే లాక్ ఊరికి వెళ్ళండి. 1915 అక్టోబరులో వాల్‌నట్ గ్రోవ్ చైనాటౌన్ తగలబడింది. లీ బింగ్ లాంటి వర్తకులు కొందరు జార్జ్ లాక్ కుటుంబాన్ని అడిగి, నోటిమాట ఒప్పందం మీద, శాక్రమెంటో నది గట్టు పక్కన కొత్త ఊరు కట్టుకున్నారు. ఇళ్ళు వాళ్ళవి, కింద నేల వాళ్ళది కాదు. గట్టు మీద రోడ్డుకు ఒక అంతస్తు, గట్టు కింద వీధికి ఒక అంతస్తు తెరుచుకునే కట్టడాలు ఇప్పటికీ చూడొచ్చు. నేల పట్టాలు ఇళ్ళవాళ్ళకు దక్కింది 2000 తర్వాతే. దస్తావేజు లేని ఊరికి రికార్డు ఎక్కడిది అంటారా? కౌంటీ అసెసర్ పన్ను పుస్తకాలు, అవి మన అడంగల్ లాంటివి. నేల విలువ వేరు, దాని మీది కట్టడాల విలువ వేరుగా రాస్తారు. సాన్‌బోర్న్ ఇన్సూరెన్స్ మ్యాపుల్లో ఏ కట్టడంలో ఏం నడుస్తోందో గీసి ఉంటుంది. అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉచితం. పాత కౌళ్ళు కౌంటీ రికార్డరు పుస్తకాల్లో దొరుకుతాయి. తుంగ ఎవరు కొట్టాలి, గట్టు మరమ్మతు ఖర్చు ఎవరిది, గండి పడితే కౌలు తగ్గుతుందా అన్న షరతులు చదవండి. నా లెక్కలో చట్టం చెప్పే దానికంటే ఆ షరతులే నిజమైన జలచట్టం.

ఇండియా నుంచి చేయగలిగేది చాలా ఉంది. 1877 నివేదిక, రాజ్యాంగ సభ చర్చలు స్కాన్లుగా దొరుకుతాయి. హాతీట్రస్ట్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో అమెరికా బయటినుంచి కొన్ని పుస్తకాలు పూర్తిగా తెరుచుకోవు, అప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడండి. కాలిఫోర్నియా డిజిటల్ న్యూస్‌పేపర్ కలెక్షన్‌లో శాక్రమెంటో డైలీ యూనియన్, డైలీ ఆల్టా ఉచితం. అందులో "చైనీస్" అని కొట్టకండి, లంక పేరూ "లెవీ" అన్న మాటా కలిపి కొట్టండి. భాష చాలాచోట్ల వెగటుగా ఉంటుంది, ముందే చెబుతున్నా. 1870, 1880 జనాభా లెక్కల అసలు పేజీలు ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్నాయి. 1890వి దాదాపు అన్నీ అగ్నిప్రమాదంలో పోయాయి, వాటికోసం వెతకొద్దు. ఏ లైబ్రరీలో ఏ పెట్టె ఉందో తెలుసుకోవడానికి ఆన్‌లైన్ ఆర్కైవ్ ఆఫ్ కాలిఫోర్నియా. నీటి శాఖల పాత కాగితాల పెద్ద సేకరణ ఒకటి ఒకప్పుడు బర్క్‌లీలో ఉండేది, ఇప్పుడు రివర్‌సైడ్ క్యాంపస్‌కు మారింది. పాత పుస్తకాల్లో చిరునామా చూసి బర్క్‌లీకి ఉత్తరం రాయకండి.

పక్కదారి అయినా ఒకటి. 1870ల్లో కాలిఫోర్నియా సాగునీటి మీద ఫెడరల్ కమిషన్‌లో ఉన్న జార్జ్ డేవిడ్‌సన్, ఇండియా, ఈజిప్టు, ఇటలీ కాలువలు చూసివచ్చి 1875లో నివేదిక ఇచ్చాడు. మన దేశపు కాలువల లెక్కలు కాలిఫోర్నియా చట్టాల చర్చల్లోకి ఎలా వచ్చాయో తెలుసుకోవాలనుకుంటే అది మొదటి మెట్టు. మీ థీసిస్‌లో ఒక ఫుట్‌నోటుకు చాలు, అధ్యాయం చేయకండి.

వెళ్ళాల్సింది రెండు చోట్లకు. శాక్రమెంటోలో స్టేట్ ఆర్కైవ్స్, అక్కడ ముంపు భూముల కాగితాలు, సుప్రీంకోర్టు కేసు ఫైళ్ళు. రెండోది శాన్ బ్రూనో. పాస్‌పోర్టు చూపిస్తే రీసెర్చర్ కార్డు ఇస్తారు, ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వాడకూడదు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోండి. కేటలాగ్‌లో కొన్ని పేర్లే వస్తాయి, అన్నీ రావు. ఈమెయిల్లో "చైనా కూలీల సమాచారం కావాలి" అని రాస్తే మర్యాదగా ఒక లింకు పంపి ఊరుకుంటారు. దానికి బదులు ఒక ఊరు, ఒక కొట్టు, ఒక దశాబ్దం రాయండి. ఉదాహరణకు 1895–1910 మధ్య కోర్ట్‌లాండ్ చైనీస్ దుకాణాల భాగస్వాముల జాబితాలు. ఆ జాబితాల సిరీస్ వేరే ఉంది. అందులోంచి భాగస్వాముల పేర్లు వస్తాయి, పేర్ల నుంచి కేసు నంబర్లు, కేసు ఫైలులోంచి సాక్షులు. సాక్షుల పేర్లను మీ ట్రస్టీల జాబితాతో సరిపోల్చండి. మొదటి పేరు కలిసిన రోజు ఇక్కడే రాయండి, చైనీస్ జాబితాలు చదివిపెట్టేవాళ్ళను వెతకడంలో సాయం చేస్తా.